పడవకి తలుపు

మల్లేశ్ ఫోన్ చేస్తే ముందు తన దుకాణం కబుర్లు చెబుతాడు. దోహా ఏషియన్ టౌన్‌లో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఏ కూలీల క్యాంపు ఖాళీ అయింది, ఏ క్యాంపులోకి కొత్తవాళ్ళు దిగారు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు బేరం ఎలా ఉంటుంది, ఇవన్నీ అయ్యాకే అసలు మాటకొస్తాడు. మొన్న అవేమీ లేవు.

"సార్, మన తలుపాయన పోయిండట."

"ఎవరు చెప్పారు?"

"కాకినాడ పిలగాడొకడు ఫోన్ బాగుజేయించుకుందామని వచ్చిండు. ఊర్ల ఆయన ఉండే గల్లీలనే ఉంటరట వాళ్ళు. చానా రోజులైందట సార్. మనకెవలు జెప్తరు?"

"ఏమైందట?"

"రాత్రి పండుకున్నోడు లేవలేదట. లోపల గడియ వెట్టుకుండు. తలుపు పలగ్గొట్టి తీసిన్రట."

మల్లేశే మళ్ళీ, "మంచిదే సార్. గడియ వెట్టుకునే పోయిండు," అన్నాడు. అది ఎత్తిపొడుపో జాలో నాకు తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు.

ఆయనతో ఒకే గదిలో ఉన్నవాళ్ళకి ఆయన తలుపాయన. నాకు పడవాయన. అసలు పేరు ఇక్కడ రాయను. పేపర్లో పేరు పడటమంటే ఆయనకి గిట్టేది కాదు.

ఆయన్ని మొదట చూసింది మా ఆఫీసు గుమ్మంలో. దోహాలో ఒక ఇంగ్లీషు దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. చమురు ధర ఏ రోజుకారోజు పైకి పోతున్న ఏళ్ళవి. ఊళ్ళో ఏ వైపు తల తిప్పినా క్రేనే. పాత చెక్క పడవల ఫొటో ఒకటి మొదటి పేజీలో వేసి, కింద రాసిన రెండు ముక్కల్లో పడవ ముందు భాగాన్ని వెనక అనీ, వెనక భాగాన్ని ముందు అనీ రాశాం. మర్నాడు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. పడవకి ముందూ వెనకా తెలియనివాళ్ళు పత్రిక ఎలా నడుపుతున్నారని ఇంగ్లీషులో అడిగాడు. మాట్లాడుతూనే నా మెడలో వేలాడుతున్న కార్డు మీద పేరు చదివాడు.

"మీరు మనవాళ్ళాండీ? అయితే మరీ సిగ్గుచేటు," అన్నాడు తెలుగులో.

ఒక నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. జేబులో ఎప్పుడూ స్టీలు కొలటేపు ఉండేది. హోటల్లో టీ వచ్చేలోపు బల్ల వెడల్పు కొలిచేవాడు. కొలిచి, తృప్తి పడనట్టు తల ఆడించేవాడు. చెక్క కనబడితే వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేవాడు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే టేపు బయటికి తీసి దొరికిందాన్నల్లా కొలవడం మొదలుపెట్టేవాడు. అవతలివాళ్ళు మాట మార్చేదాకా ఆ టేపు లోపలికి పోయేది కాదు.

అప్పట్లో ఆయన ఊరి నడుమ పాత పేట ముషైరిబ్‌లో ఉండేవాడు. ఇప్పుడు మెట్రో దిగి, చల్లటి రాతి నేల మీద నడిచి వెళ్ళే ముషైరిబ్ కాదు. టైలరింగు దుకాణాలు, టీ బంకులు, కిటికీల్లోంచి నీళ్ళు కార్చే ఏసీలు, మధ్యలో లోగిలి పెట్టుకుని చుట్టూ గదులున్న పాత ఇళ్ళు. అలాంటి ఇంట్లో ఒక మూల గది ఆయనది. మందం గోడలు, బొబ్బలెక్కిన సున్నం. దానికి నీలం రంగు చెక్క తలుపు. ఎన్నిసార్లు రంగు వేశారో, అంచుల దగ్గర పెచ్చులు లేచి కింద పచ్చ, ఆ కింద గోధుమ కనిపించేవి. ఇత్తడి గడియ ఒక్కటే మెరుస్తూ ఉండేది. దాన్ని శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమేవాడు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా, లోపల మనిషి ఎదురుగా కనబడుతున్నా, తలుపు కొట్టాలి. కొడితే కాస్త ఆగి, "ఎవరది?" అంటాడు. "నేనే" అనాలి. అప్పుడు మళ్ళీ కాస్త ఆగి, "రండి" అంటాడు. ఒకసారి కొట్టకుండా అడుగుపెట్టాను. టీ కలుపుతున్నవాడు గ్లాసు కింద పెట్టేసి నా వంకే చూస్తూ నిలబడ్డాడు. బయటికి వెళ్ళి తలుపు కొట్టి వచ్చేదాకా చక్కెర వెయ్యలేదు.

"ఏమనుకోకండి," అన్నాడు తర్వాత. "నేను పుట్టింది పడవలోనండి. మా నాన్న సరంగు. కాలవ లాకుల్లో పట్టాలి గదా, సన్నంగా, పొడుగ్గా ఉంటుంది పడవ. బియ్యం, పెంకులు వేసుకుని కాకినాడకీ రాజమండ్రికీ తిరగడం. మేమూ ఆ బస్తాల మధ్యే. పడవ గదికి తలుపుండదండి, గోనెపట్టా ఉంటుంది. తర్వాత హాస్టలు. తర్వాత మావయ్యగారి వరండా. తర్వాత బొంబాయిలో పదిమందితో ఒక గది. తర్వాత ఇక్కడ క్యాంపు. తల నెరిశాక మొదటిసారి నా తలుపు నేను వేసుకున్నాను. ఇంకోళ్ళు తోసుకు రావడం నాకు పడదు."

ఆయన జీవితం గురించి ఆయన నాకు ఒక్క ఊపున చెప్పింది ఇంతే. మిగతా సమయమంతా ఎవరు ఎక్కడ ఏది తప్పు కట్టారో చెప్పేవాడు.

ముషైరిబ్ పాత ఇళ్ళు పడగొట్టి కొత్తగా కడతారన్న మాట చాలాకాలం మాటగానే ఉంది. తర్వాత గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి. జనం పరుపులు, ఏసీలు, సిలిండర్లు పికప్‌లలో వేసుకుని వెళ్ళిపోతున్నారు. ఆయన పరుపు వదిలేశాడు. తలుపు విప్పాడు. పడగొట్టడానికి వచ్చిన మనుషులు "లే జావ్" అని, పట్టుకుపొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. నేను వెళ్ళేసరికి దాన్ని ట్యాక్సీ పైకెక్కించి తాళ్ళు కడుతున్నాడు. పఠాన్ డ్రైవర్ స్టీరింగు మీద మోచెయ్యి పెట్టుకుని ఆ తమాషా అంతా చూశాడు.

"చాచా, దర్వాజా తో హై, ఘర్ కిధర్ హై?" అన్నాడు. తలుపుంది సరే, ఇల్లేదీ అని.

"బన్ రహా హై," అన్నాడు ఈయన, ముడి బిగిస్తూ. కడుతున్నారని. ముఖంలో నవ్వు లేదు.

కట్టే ఇల్లేమీ లేదు. అద్దెలు ఆ ఏడు ఒంటరివాళ్ళు ముట్టుకోలేనంత పెరిగాయి. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక పాత విల్లాని ప్లైవుడ్ గోడలతో చీల్చి మంచాల లెక్కన అద్దెకిచ్చేవారు. అందులో ఒక మంచం దొరికింది ఆయనకి. అదే గదిలో మల్లేశ్ ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి. ఎలక్ట్రీషియన్. నోరు మంచిది కాదు, మనసు మంచిది. గదిలో ఒక నేపాలీ, ఇద్దరు కేరళవాళ్ళు, మరో తెలుగతను కూడా ఉండేవారు. అందరూ ఒకే అద్దంలో తల దువ్వుకుని డ్యూటీకి పోయేవారు.

ఈయన వచ్చిన రోజునే మంచం చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. తలుపుని మంచం తలవైపు గోడకి ఆనించి నిలబెట్టాడు. అటునుంచి ఎవరైనా ఏసీ బటన్ నొక్కడానికి వస్తే, "తలుపు కొట్టి రావాలి" అనేవాడు. ఏ తలుపని వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

"డ్రాయింగ్ సార్, గీత దాటితే జుర్మానానా?" అని మల్లేశ్ కాలి బొటనవేలు గీతకి ఆనించి నిలబడేవాడు. ఆయన లేచి, తుడిచిపోయిన చోట మళ్ళీ గీసి, పడుకునేవాడు. నేపాలీకి తెలుగు రాదు, అయినా నవ్వేవాడు.

ఆ గదిలో ఆయన రోజురోజుకీ ముడుచుకుపోవడం నేను చూశాను. అన్నం గోడవైపు తిరిగి తినేవాడు. చొక్కా బాత్‌రూంలో మార్చుకునేవాడు. నాతో మాట్లాడాలంటే కిందికి దిగి, కారు పార్కింగులో నిలబడి మాట్లాడేవాడు. ఒకరోజు అక్కడే, కళ్ళు వెలిగిపోతుండగా, "దొరికిందండి" అన్నాడు.

దొరికింది ఒక పడవ. దోహాకి దక్షిణాన వక్రా అనే ఊరి సముద్రపు ఒడ్డున, ఇసుకలో కర్రలు ఆనించి నిలబెట్టిన పాత చేపల పడవ. ఇంజను లేదు. పక్క పలకల మధ్య వేలు పట్టేంత సందులు. దానిలో పిల్లులు కాపురం పెట్టాయి. ఆ ఒడ్డున షెడ్డున్న ఖతరీ ముసలాయన ఒకాయన, ఈయన వారం వారం వచ్చి ఆ పడవని చేత్తో తట్టి పోవడం గమనించి, చివరికి "ఖుద్, యల్లా, ఖలాస్" అన్నాడట. పట్టుకుపో, గొడవ వదిలిపోతుందని. కాగితం మీద పడవ ముసలాయనదే. బయటివాళ్ళ పేరు మీద పడవ ఉండదు. అది ఈయన్ని బాధించలేదు.

"పేరెవరిదైతేనేం. గడియ లోపలివైపు నాది," అన్నాడు.

శీతాకాలమంతా శుక్రవారాలు అక్కడే. చేపలు పట్టాలనో, ఊళ్ళు తిరగాలనో కాదు. దాన్ని ఇల్లు చేసుకోవాలి. ఒడ్డు పక్కనే నీళ్ళలో కట్టేసి, అందులో పడుకుని, పొద్దున లేచి డ్యూటీకి పోవాలి. అంతే ఆయన కోరిక. డ్రాయింగు ఆఫీసులో గీతకి గీత కలిపి తెచ్చేవాడు. చేపలు వేసే గుంట మూసి నేల పరిచాడు. మంచం తన పొడుగుకి కొలిచి బిగించాడు. కెరటం ఊపితే డబ్బాలు జారకుండా అరల అంచులకి సన్నటి కర్ర బద్దలు బిగించాడు. మడిచి గోడకి తగిలించుకునే బల్ల, స్టవ్ కింద రేకు పరిచిన గూడు, తలాపున దీపం పెట్టుకునే చిన్న అర. అది మాత్రం వాళ్ళ నాన్న పడవలో ఉన్నట్టే అన్నాడు.

గది ఎత్తు దగ్గర విచిత్రం చేశాడు. పడవ మీద గది ఎవరైనా కూర్చుంటే తల తగలనంత కడతారు. ఈయన తలుపు ఎత్తుకి కట్టాడు. నీలం తలుపుని అంగుళం కొయ్యడానికి కూడా ఒప్పుకోలేదు. దూరం నుంచి చూస్తే, పొట్టి మనిషి నెత్తిన బీరువా పెట్టుకున్నట్టుండేది.

మల్లేశ్ నాతో వచ్చేవాడు. బిర్యానీ పొట్లాలు తెచ్చేవాడు. తన విద్య చూపించాలని అతనికి చెయ్యి దురద. "ఒక బ్యాటరీ వెట్టి రెండు బల్బులు గుంజుత సార్, పావుగంట పని," అన్నాడు.

"చెయ్యి పెట్టకు."

"ఒక్క పైస ఫులూస్ అడుగుతలేను గద."

"అడిగినా అడక్కపోయినా. ఇందులో ఇంకోడి మేకు ఉండకూడదు. అంతే."

మరో శుక్రవారం మల్లేశ్ ఆ మంచం మీద చెయ్యి ఆనించి, కొంచెం వేళాకోళంగా, కొంచెం నిజంగానే అడిగాడు. "నాకొక మూల ఇయ్యి సార్. కిందనే పండుకుంట. నీ గీత దాట, ఒట్టు."

ఆయన టేపు తీసి నేల కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "ఒక్కడికే సరిపోతుంది మల్లేశూ. ఒక్కడికే గీశాను," అన్నాడు. మల్లేశ్ చెయ్యి తీసి ఫ్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత కూడా బిర్యానీ తెచ్చాడు గానీ, పడవెక్కకుండా కింద ఇసుకలో కూర్చుని తినేవాడు.

ఎండలు ముదిరాక ముసలాయన వచ్చి చేత్తో ఒడ్డంతా చూపించాడు. ఇక్కడ రాళ్ళు పోసి పూడుస్తారట, కొత్త కట్టడాలొస్తాయట, రంజాన్ లోపల అన్నీ తియ్యాలట. ఇక పలకల సందులు పూడ్చి నీళ్ళలో దించడమే మిగిలింది. మండుటెండల్లో అంత పని వద్దని నేనన్నాను. ఆయన నవ్వాడు. చాలా అరుదుగా నవ్వే మనిషి.

"వేసవేనండి దీనికి. మా వైపు ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. నీళ్ళుండవు. పడవలన్నీ ఒడ్డుకి లాగి అప్పుడే చేసేది పని అంతా. సెలవలకి నేను వెళ్ళేసరికి మా నాన్న, కళాసీలు పడవ చుట్టూ కూర్చుని దూది కుక్కుతుండేవారు. మొద్దు ఉలి, కొయ్య సుత్తి నాకూ ఇచ్చేవారు. గుగ్గిలం కాచే వాసనొస్తే చాలు నాకు సెలవలొచ్చినట్టు."

ఆ రెండు నెలలూ ఆయన చేసిన పని చూసినవాడెవడూ ఆయన్ని తిట్టలేడు. నూనెలో నానబెట్టిన దూదిని తాడులా పేని, పలకల మధ్య పెట్టి, మొద్దు ఉలితో లోపలికి దిగ్గొట్టడం. దాని మీద మరో వరస. ఇంకో వరస. ఆ ఎండకి చెక్క ఎండి కుదించుకుపోయి సందులు ఎప్పుడూ లేనంత వెడల్పయ్యాయి. ఎంత కుక్కితే అంత పట్టేది. నెత్తికి తడి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు తిరిగితే పడవ నీడలోనే కాసేపు కూలబడి, మళ్ళీ లేచేవాడు. చివర్లో గుగ్గిలం పూసి, దాని మీద తారు. అన్నీ అయ్యాక కణుపుతో కొట్టి చూపించాడు. గోడని కొట్టినట్టే మోగింది.

"సూది దూరదు," అన్నాడు. "ఇంట్లా లేదూ?"

ఒక గురువారం సాయంత్రం, పోటు మీద ఉన్న నీళ్ళలోకి ముసలాయన మనుషులు ట్రాక్టరుతో దాన్ని తోశారు. ఒక్క చుక్క రాలేదు. ఆయన అడుగున బోర్లా పడుకుని టార్చి వేసి మూలమూలా చేత్తో తడిమి, పొడి చెయ్యి పైకెత్తి చూపించాడు. ఆ రాత్రి అందులోనే పడుకున్నాడు. మర్నాడు భోజనానికి మా ఇద్దర్నీ పిలిచాడు.

శుక్రవారం మేం వెళ్ళేసరికి పడవ ఒడ్డుకి కాస్త దూరంలో, మోకాటి లోతు నీళ్ళ మీద మెల్లగా ఊగుతోంది. ఫ్యాంట్లు మడిచి వెళ్ళాం. తలుపు వేసి ఉంది. నీలం తలుపు, దాని మీద మెరిసే గడియ పిడి. మల్లేశ్ నా వంక చూశాడు. నేను కొట్టు అన్నట్టు తల ఊపాను. అతను కొట్టాడు.

లోపల కాసేపు చప్పుడు లేదు. "ఎవరది?"

"మేమే సార్."

మళ్ళీ కాసేపు. గడియ తీసిన శబ్దం. "రండి," అన్నాడు.

ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు ఆ మనిషి గొంతులో అదొక పదవిలా వినిపించింది. గుమ్మంలో ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. లోపల అన్నం వార్చిన వాసన. చేపల పులుసు చేశాడు. మడత బల్ల దించి ప్లేట్లు పెట్టాడు. ఆయన మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మా వైపు తిరిగి తినడం నేను మొదటిసారి చూశాను. మల్లేశ్ పులుసు రెండోసారి వేయించుకుని, "గిప్పుడు ఇల్లయింది సార్," అన్నాడు. ఆయన గోడని కణుపుతో తట్టాడు.

అప్పుడే కాళ్ళ కింద ఎక్కడో 'టక్'మంది.

"చెక్క సర్దుకుంటోంది," అన్నాడు.

మళ్ళీ టక్. ఈసారి పక్కన. పులుసు గిన్నె కొద్దిగా జరిగింది. మూడోది వినేసరికి ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ముఖంలో భయం లేదు. ఏదో లెక్క తప్పు ఎక్కడుందో వెతుకుతున్నవాడిలా కళ్ళు నేల పలకల వెంట పోయాయి. పలకల మధ్యనుంచి కాదు, పలకే అంచు దగ్గర, పడవ పక్కటెముక లాంటి వంపు కర్ర నుంచి ఊడి లేచి, దాని కిందనుంచి నీళ్ళు, తొందర లేకుండా, చాపలా పరుచుకుంటూ వచ్చాయి.

ప్రాణభయం లేని చోటు అది. నడిచి ఒడ్డెక్కచ్చు. స్టవ్, పరుపు, బట్టల పెట్టె చేతికందినవి అందుకుని మేం దిగాం. ఆయన దిగలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు.

"సార్, ఇడిసిపెట్టుండ్రి," అని మల్లేశ్ బయటి నుంచి పిలిచాడు.

"ఒక్క నిమిషం."

"నీళ్ళొస్తున్నై గద."

"రానీ. ఇంక రెండు మరలే."

నీళ్ళు ఆయన పిక్కలు దాటాయి. కింది బందు మరలు నీళ్ళలో చేత్తో తడుముకుంటూ విప్పాడు. మల్లేశ్ వెళ్ళి తలుపు రెండో కొస పట్టుకున్నాడు. చెయ్యి పెట్టకు అనలేదు ఆయన. అంత కాలంలో అనకపోవడం ఆ ఒక్కసారే.

పడవ పక్కకి ఒరిగి, నెత్తిన బీరువా లాంటి గదితో సహా ఇసుకకి ఆనుకుని ఆగిపోయింది. ముసలాయన షెడ్డులోంచి వచ్చి చూసి, "మాఫీ ముష్కిల్," అని ఈయన భుజం తట్టి పోయాడు. ఫరవాలేదు అని. ముసలాయనకి నిజంగానే ఫరవాలేదు.

మేం ఒడ్డున కూర్చున్నాం. తలుపు ఆయన ఒళ్ళో అడ్డంగా ఉంది. చాలాసేపు దాని అంచున లేచిన రంగు పెచ్చులు గిల్లుతూ ఉండిపోయాడు.

"నానిన చెక్క ఉబ్బుతుంది గదండీ," అన్నాడు. "ఉబ్బడానికి నేను చోటు ఉంచలేదు. రాయిలా కుక్కేశాను. అటూ ఇటూ జరగలేక మేకుల్ని పీక్కుని లేచింది. అంతే."

"మీ నాన్నగారి దగ్గర చూశానన్నారు?"

"చూశాను. ఎండాకాలం చూశాను." ఇంకో పెచ్చు గిల్లాడు. "ఊహ తెలిశాక నేను జూన్ ఎప్పుడూ చూళ్ళేదండి. బళ్ళు తెరుస్తారని నన్ను ముందే హాస్టలుకి పంపేసేవారు. కాలవకి నీళ్ళొదిలేది తర్వాత. నీళ్ళొచ్చాక మా నాన్న పడవని ఏం చేసేవాడో, ఎన్నాళ్ళు నాననిచ్చేవాడో, ముందు వదులుగా కుక్కి తర్వాత బిగించేవాడో, ఏమో. మళ్ళీ సెలవలకి వెళ్ళేసరికి పడవ పొడిగా ఒడ్డు మీదే ఉండేది. పడవంటే నాకు అదే."

మల్లేశ్ ఇసుకలో గీతలు గీస్తున్నాడు.

"ఆఫీసులో రోజూ నా పనేంటో తెలుసా?" అన్నాడు ఆయన, ఎవర్నీ చూడకుండా. "కట్టే ప్రతి బిల్డింగుకీ ఎక్స్‌పాన్షన్ జాయింట్ గీస్తాను. ఎండకి కాంక్రీటు పెరుగుతుంది, చోటు వదలాలి అని. వీళ్ళ ఇళ్ళన్నిటికీ చోటు వదిలాను."

రంజాన్ రాకముందే ఎక్స్‌కవేటర్ వచ్చింది. ముసలాయన పడవని బయటికి లాగించలేదు. దాని మీదే రాళ్ళు పోశారు. ఇప్పుడక్కడ చక్కటి నడక దారి, బల్లలు, కాఫీ హోటళ్ళు ఉన్నాయి. పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు.

తలుపు మల్లేశ్ కంపెనీ పికప్‌లో మళ్ళీ అల్ దోహా అల్ జదీదాకి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళు ఆయన ఫోన్ ఎత్తలేదు. ఒక శుక్రవారం నేనే వెళ్ళాను. మెట్ల మీదే మల్లేశ్ ఎదురొచ్చాడు. "పోయి సూడుండ్రి సార్, ఏం జేసిండో," అన్నాడు. మునుపటి వేళాకోళం లేదు మాటలో.

ఆయన తలుపు బిగించాడు. తిప్పి వేసుకున్న మంచానికి ఒకవైపు బీరువా, మరోవైపు గోడ. ఆ రెంటి మధ్యా, తలవైపు, కొత్త కర్రతో చట్రం కట్టి, దానికి నీలం తలుపు వేలాడదీశాడు. కొలతలు ఎక్కడా తప్పు లేవు. నిలువు నిలువుగా, అడ్డం అడ్డంగా ఉంది. మంచం కాళ్ళవైపు మాత్రం బార్లా ఖాళీ. అటునుంచి గదిలోవాళ్ళెవరైనా రావచ్చు, పోవచ్చు. నేపాలీ అటునుంచే వచ్చి, ఆయన మంచం అంచు మీద నుంచి వంగి ఏసీ తగ్గించి పోయాడు. ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చేతిలో టేపు ఉంది. తలుపు పక్కనుంచి నాకు ఆయన కనిపిస్తున్నాడు. తల తిప్పితే ఆయనకి నేనూ కనిపిస్తాను.

కాళ్ళవైపు నుంచి చుట్టి పోలేదు నేను. తలుపు కొట్టాను.

కాసేపు ఆగి, "ఎవరది?" అన్నాడు.

"నేనే."

మళ్ళీ కాసేపు. గదిలో మిగిలినవాళ్ళు సెల్‌ఫోన్లలోంచి తలలెత్తారు. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు కాదండి," అన్నాడు.

సరేనన్నాను. వెనక్కి తిరిగి మెట్ల దాకా వెళ్ళేసరికి, వెనకాల ఇత్తడి గడియ పడిన చప్పుడు వినిపించింది.